సరీసృపాల గుడ్ల పొదుగుపెట్టె: కరెంటు పోయినప్పుడు ఆధారం

మొసలి, తాబేలు, బల్లి, పాము గుడ్లను కృత్రిమంగా పొదిగించే పెట్టెలో వేడి ఎక్కువగా 28 నుంచి 33 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచుతారు. పిల్లలు బయటికి రావడానికి చాలా జాతుల్లో రెండు నెలలు, అటూ ఇటుగా పడుతుంది. ఈ రెండు నెలలూ హీటరునో చల్లబరిచే యంత్రాన్నో ఆపుతూ, వెలిగిస్తూ కాపలా కాసేది థర్మోస్టాట్. దానికి కరెంటు కావాలి. రెండు నెలలపాటు ఒక్క పూటైనా కరెంటు పోని ఊరు గోదావరి జిల్లాల్లో వెతికితే దొరకడం కష్టం. కాబట్టి పొదుగుపెట్టె ఎంత మంచిదైనా, కరెంటు లేని వేళ దాన్ని ఏది నిలబెడుతుందన్న ప్రశ్న పెట్టె కొనకముందే తేల్చుకోవాల్సినది.

చల్లని దేశాల్లో రాసిన పుస్తకాలు ఈ విషయాన్ని ఒకే వైపు నుంచి చూస్తాయి: కరెంటు పోతుంది, గది చల్లబడుతుంది, గుడ్లు చల్లబడతాయి, కనుక హీటరుకు బ్యాటరీ పెట్టాలి. రాజమహేంద్రవరంలో ఆ లెక్క సగం రోజులే చెల్లుతుంది. ఇక్కడ మే నెలలో పగటి ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలు. రేకుల కప్పు కింద గది 38 డిగ్రీలకు చేరితే, 31 డిగ్రీల్లో ఉండాల్సిన గుడ్లకు హీటరుతో పనేముంది? వాటిని కాపాడుతున్నది ఏసీయో కూలరో. కరెంటు పోతే ముందు ఆగేది అదే. మొసళ్ళు గుడ్లు పెట్టే కాలమే ఈ చిక్కును ముదురుస్తుంది. మగ్గర్ మొసలి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు గుడ్లు పెడుతుంది, పిల్లలు నడి వేసవిలో బయటికి వస్తాయి. డెల్టాలో పొదుగుపెట్టెకు ఆధారం అంటే ముందుగా ఎండకు ఆధారం, ఆ తర్వాతే చలికి.

సరీసృపాల గుడ్డు చలిని కొంత ఓర్చుకుంటుంది. వేడి నాలుగైదు డిగ్రీలు పడిపోయి కొన్ని గంటలు అలాగే ఉంటే పిండం ఎదుగుదల నెమ్మదిస్తుంది, పిల్ల రావడం కాస్త ఆలస్యమవుతుంది. పైకి పోయే వేడిని మాత్రం అది ఓర్చుకోలేదు. సముద్రపు తాబేలు గుడ్లు సుమారు 35 డిగ్రీల్లో ఎక్కువ కాలం ఉంటే చచ్చిపోతాయి. చాలా జాతులకు మేలైన వేడికీ, ప్రాణం తీసే వేడికీ మధ్య ఎడం మూడు నాలుగు డిగ్రీలే. కిందివైపు ఉన్నంత వెసులుబాటు పైవైపు లేదు. ఈ ఒక్క సంగతి గుర్తున్నవారు బ్యాటరీ కంటే ముందు గది నీడ గురించి ఆలోచిస్తారు.

ఇక వేడి తేల్చేది చావుబతుకులనే కాదు. చాలా సరీసృపాల్లో పిల్ల ఆడో మగో గుడ్డుకు తగిలిన వేడే నిర్ణయిస్తుంది. ఫ్రెంచి పరిశోధకురాలు మడలేన్ షార్నియే 1966లో సెనెగల్‌లోని ఒక జాతి తొండ మీద మొదటగా ఈ విషయాన్ని నమోదు చేసింది. మన మగ్గర్ మొసలి మీద ఈ పరిశోధన మద్రాసు క్రొకడైల్ బ్యాంకులో జరిగింది. రోములస్ విటేకర్ 1976లో చెన్నై, మహాబలిపురం మధ్య నెలకొల్పిన కేంద్రం అది. జెఫ్రీ లాంగ్, హ్యారీ ఆండ్రూస్, విటేకర్ కలిసి 1989లో ప్రచురించిన ఫలితాల ప్రకారం 28 నుంచి 31 డిగ్రీల స్థిరమైన వేడిలో అన్నీ ఆడపిల్లలే వచ్చాయి, 32.5 డిగ్రీల్లో అన్నీ మగపిల్లలే. ఈ రెంటి నడుమ, మళ్ళీ 33 దగ్గర, రెండూ కలిసి వచ్చాయి. ఒకటిన్నర డిగ్రీ తేడాతో గూడు మొత్తం ఇటు నుంచి అటు మారిపోతుంది. సముద్రపు తాబేళ్ళలో లెక్క వేరు: చల్లని ఇసుకలో మగవి, వెచ్చని ఇసుకలో ఆడవి. ఆలివ్ రిడ్లే తాబేలుకు ఈ మలుపు సుమారు 29, 30 డిగ్రీల దగ్గర ఉంటుంది. పాముల్లో, ఉడుముల్లో ఇలా ఉండదు. అక్కడ లింగం పుట్టుకతో వచ్చే క్రోమోజోములదే.

లింగం తేలేది పొదిగే కాలంలో నడిమి మూడోవంతులో. ఆ రోజుల్లో రెండు గంటల కరెంటు కోత వల్ల ఆడామగా లెక్క తారుమారైపోదు. తుపాను తర్వాత మూడు రోజులు చీకట్లో ఉంటే మాత్రం తేడా రావచ్చు. అంతరించిపోతున్న జాతి గుడ్లను పొదిగించే చోట ఇది చిన్న సంగతి కాదు. ఒకే లింగం పిల్లలు వందల్లో వదిలితే పదేళ్ళ తర్వాత ఆ నదిలో జతకట్టే జంతువులు కరవవుతాయి.

మన దేశంలో ఇంత పెద్ద ఎత్తున సరీసృపాల గుడ్లు పొదిగించిన సందర్భం మొసళ్ళ పథకమే. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, ఆహార వ్యవసాయ సంస్థల సాయంతో కేంద్ర ప్రభుత్వం 1975లో దాన్ని మొదలుపెట్టింది. అడవిలో గూళ్ళ నుంచి గుడ్లు సేకరించి, పొదిగించి, పిల్లలను పెంచి తిరిగి నీళ్ళలో వదలడం పద్ధతి. మొసళ్ళ పెంపకంలో శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థ 1980లో హైదరాబాదులో వెలిసింది. మంజీరలో, గోదావరి ఉపనది కిన్నెరసానిలో ఈ రోజు కనిపించే మగ్గర్ల వెనుక ఆ కాలపు శ్రమ ఉంది.

గోదావరి కడలిలో కలిసే చోట గుడ్లు పొదిగించే పని ఇప్పటికీ ఏటా సాగుతోంది, అదీ ఒక్క యూనిట్ కరెంటు ఖర్చు లేకుండా. డిసెంబరు, జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు హోప్ ఐలాండ్, శాక్రమెంటో దీవి, కోనసీమ తీరం వెంబడి రాత్రివేళ ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. ఒక్కో తాబేలు నూటికి అటూ ఇటుగా పెడుతుంది. కుక్కలు, నక్కలు తవ్వేయకముందే అటవీ శాఖ కాపలాదారులు ఆ గుడ్లను ఏరి, కంచె కట్టిన ఇసుక హ్యాచరీలో మళ్ళీ పూడ్చిపెడతారు. ప్రతి గుంత దగ్గరా తేదీ, గుడ్ల లెక్క రాసిన చీటీ. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు ఇసుక తోసుకుని పైకి వస్తాయి. 1978లో ఏర్పడిన కోరింగ అభయారణ్యం పరిధిలోని తీరం ఈ పనికి ముఖ్యమైనది.

ఆ గుంత లోతు సుమారు ఒకటిన్నర అడుగులు. అంత లోతులో పగటి ఎండ, రాత్రి చలి రెండూ దాదాపు తెలియవు. ఇసుక పై పొర మధ్యాహ్నం కాళ్ళు పెట్టలేనంత కాగుతున్నా, గుడ్ల దగ్గర రోజంతా మార్పు ఒక డిగ్రీ లోపే ఉంటుంది. తీరంలో ఇబ్బంది రోజువారీ హెచ్చుతగ్గులతో కాదు, వారాల తరబడి పేరుకునే వేడితో. దానికి విరుగుడు పైన నీడ. తాటాకు పందిరి వేసినా, ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టినా ఇసుక వేడి ఒకటి రెండు డిగ్రీలు దిగుతుంది. ఆడామగా తేలే గీత అక్కడే ఉంది కాబట్టి ఆ పందిరి విలువ తక్కువేమీ కాదు. కరెంటుతో నడిచే పెట్టె కట్టేవారు ఈ ఇసుక గుంతను మొదట చదువుకోవాలి. బరువైన పదార్థం, దళసరి గోడ, పైన నీడ: పొదుగుపెట్టెకు అసలు ఆధారం ఇవే. బ్యాటరీ వాటి తర్వాతే వస్తుంది.

కరెంటు పోవడంలో రకాలున్నాయి, ఒక్కోదానికి ఒక్కో మందు. చెట్టు కొమ్మ తీగకు తగలడం, ఫ్యూజు పోవడం వంటివి నిమిషాల నుంచి రెండు మూడు గంటల పని. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఈదురుగాలులతో వచ్చే వానల్లో ఇవి ఎక్కువ. 2012, 2013 సంవత్సరాల్లో ఉమ్మడి రాష్ట్రమంతటా రోజూ గంటల కొద్దీ కోతలు నడిచాయి. 2022 ఏప్రిల్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించారు. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు గ్రిడ్లు కుప్పకూలినప్పుడు దక్షిణాది తప్పించుకుంది. అప్పటికి మన గ్రిడ్ వాటితో పూర్తిగా జతకాలేదు. ఆ జోడింపు 2013 డిసెంబరు 31న జరిగింది. అంటే ఇప్పుడు ఎక్కడో ఉత్తరాన మొదలైన కుదుపు కూడా గోదావరి దాకా రాగలదు. జేగురుపాడు, విజ్జేశ్వరం గ్యాస్ విద్యుత్ కేంద్రాలు పక్కనే ఉన్నా రాజమహేంద్రవరం వీధికి అదనపు భరోసా ఏమీ లేదు. వీధిలో కరెంటు పోయేది చాలాసార్లు చివరి పదకొండు కిలోవోల్టుల తీగ దగ్గరే.

అన్నిటికంటే కఠినమైనది తుపాను. 1996 నవంబరు 6న కోనసీమను తుడిచిపెట్టిన తుపాను తర్వాత పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కొట్టినప్పుడు నగరమంతా కరెంటు పోయింది, అక్కడి ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల తీవ్రంగా దెబ్బతింది. తుపానులు అక్టోబరు, నవంబరుల్లోనే వస్తాయి, అప్పటికి గుడ్ల కాలం అయిపోతుంది అనుకుంటే పొరపాటు. 1990 మే తుపాను, 2010 మే నెలలో లైలా, 2022 మే నెలలో అసని ఈ తీరం మీదికే వచ్చాయి. మొసలి గుడ్లు పెట్టెలో ఉండే రోజులు సరిగ్గా అవే.

బ్యాటరీ లెక్కకు ముందు పెట్టె గోడ లెక్క. బయటి గోడలన్నీ కలిపి ఒక చదరపు మీటరు వైశాల్యం ఉన్న పెట్టెను తీసుకుంటే, అర అంగుళం ప్లైవుడ్‌తో చేసిన దానిలో లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడాకు సుమారు మూడున్నర వాట్ల వేడి గోడ దాటిపోతుంది. అదే పెట్టెను రెండంగుళాల థర్మోకోల్‌తో చేస్తే ముప్పావు వాటు కూడా పోదు. జనవరి రాత్రి గది 20 డిగ్రీలు, పెట్టె 31 డిగ్రీలు అనుకుంటే ప్లైవుడ్ పెట్టెకు నలభై వాట్లు, థర్మోకోల్ పెట్టెకు ఏడెనిమిది వాట్లు చాలు. డెల్టాలో థర్మోకోల్‌కు బదులు రెండు పలకల మధ్య ఎండిన ఊక దట్టించినా పని జరుగుతుంది. ఊక తడవకుండా, నిప్పుకు దూరంగా ఉండాలి.

పెట్టెలో నీళ్ళ సీసాలు పెట్టడం రెండో మెట్టు. లీటరు నీరు ఒక డిగ్రీ చల్లబడితే 1.16 వాట్ అవర్ల వేడి విడిచిపెడుతుంది. పది లీటర్లు రెండు డిగ్రీలు దిగేలోపు ఇచ్చే వేడి సుమారు 23 వాట్ అవర్లు. థర్మోకోల్ పెట్టెకు అది దాదాపు మూడు గంటల కాపుదల, ఒక్క మీట నొక్కకుండా. మామూలు కోతలన్నీ ఈ మూడు గంటల్లోనే గడిచిపోతాయి. నీళ్ళ సీసాలు థర్మోస్టాట్ మాటిమాటికీ వెలిగి ఆరడాన్ని కూడా తగ్గిస్తాయి.

ఇప్పుడు బ్యాటరీ. ఇళ్ళలో ఇన్వర్టరుకు వాడే 12 వోల్టుల, 150 యాంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీలో నిల్వ 1,800 వాట్ అవర్లు. బ్యాటరీ మన్నాలంటే సగమే వాడుకోవాలి, అంటే 900. ఇన్వర్టరు తాను బతకడానికే పది, పదిహేను వాట్లు తింటుంది. థర్మోకోల్ పెట్టె, కంట్రోలరు కలిపి పది వాట్లు అడిగితే ఇన్వర్టరు మీద 36 నుంచి 45 గంటలు నడుస్తుంది. ఇన్వర్టరును పక్కన పెట్టి, 12 వోల్టుల హీటరు, 12 వోల్టుల థర్మోస్టాట్ బోర్డు నేరుగా బ్యాటరీకి కలిపితే అదే బ్యాటరీ 90 గంటలు, దాదాపు నాలుగు రోజులు లాగుతుంది. చిన్న పెట్టెలకు ఇదే సరైన దారి. డబ్ల్యు1209 అనే చవక బోర్డు 12 వోల్టుల మీదే నడుస్తుంది. ఎస్‌టీసీ 1000 వంటి కంట్రోలర్లలో 230 వోల్టులకు చేసినవే ఎక్కువగా దొరుకుతాయి, వాటికి ఇన్వర్టరు తప్పదు. హీటరుకు స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు అయినా చాలు, కానీ వేడిని కొద్దికొద్దిగా తగ్గించి పెంచే రకం థర్మోస్టాట్లు దానితో తికమకపడతాయి. వాటికి సైన్ వేవ్ ఇన్వర్టరు కొనాలి.

కంప్యూటరు యూపీఎస్‌లో ఉండే 7 యాంపియర్ అవర్ల చిన్న బ్యాటరీ ఈ లెక్కన సగం వాడినా పది వాట్ల పెట్టెను నాలుగు గంటలు మోస్తుంది. వంద వాట్ల సోలార్ పలక ఒకటి మంచి ఎండ రోజున సుమారు 400 వాట్ అవర్లు ఇస్తుంది, పెట్టె రోజు ఖర్చు 240. తుపాను మబ్బు రెండు రోజులు వీడకపోయినా బ్యాటరీ ఆ లోటు భరిస్తుంది. వేడి ఊళ్ళలో బ్యాటరీ గురించి ఒక హెచ్చరిక కూడా ఉంది: లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉన్న చోటు పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుందని లెక్క. దాన్ని రేకుల షెడ్డులో కాక ఇంట్లో నీడపట్టున పెట్టాలి, డిస్టిల్డ్ వాటర్ మట్టం నెలకోసారి చూడాలి.

వేసవి లెక్క మాత్రం వేరే. గది 38 డిగ్రీలు, పెట్టె 31 ఉండాలంటే థర్మోకోల్ గోడ దాటి లోపలికి వచ్చే వేడి సుమారు ఐదు వాట్లే. దాన్ని బయటికి తోడడానికి ఏసీ నడిపే ఇన్వర్టరు అక్కర్లేదు. లీటరు మంచు కరిగేటప్పుడు 93 వాట్ అవర్ల వేడి పీల్చుకుంటుంది. ఫ్రీజరులో గడ్డకట్టించిన లీటరు సీసా ఒకటి పెట్టెకు పూటకు పైగా చలువ ఇవ్వగలదు. సీసా గుడ్లకు తగలకుండా, అరల గోడకు అవతల ఉండాలి. లేకపోతే ఒక మూల 25, మరో మూల 33 అవుతుంది. ఐదారు సీసాలు ఎప్పుడూ ఫ్రీజరులో ఉంచుకోవడం రాజమహేంద్రవరంలో జనరేటరు కొనడం కంటే మంచి ముందుజాగ్రత్త. పెట్టె మీద తడి గోనె కప్పడం వడగాలి వీచే మధ్యాహ్నాల్లో బాగా పనిచేస్తుంది. సముద్రపు గాలి తేమగా ఉండే అంతర్వేది, కాకినాడ వైపు నీరు ఆవిరికాక దాని ఫలితం తగ్గుతుంది.

ఈ జిల్లాల్లో కరెంటు లేని వేళ ప్రాణాలు నిలబెట్టే విద్య కొత్తది కాదు. అనపర్తి, బిక్కవోలు చుట్టుపక్కల కోళ్ళ పరిశ్రమకు పిల్లలను అందించే హ్యాచరీల అనుభవం అందులో ఒకటి. కోడిగుడ్డుకు 37.5 డిగ్రీల వేడి, 21 రోజుల కాలం. సెట్టర్లనే పెద్ద పొదుగు యంత్రాల్లో కరెంటు పోగానే చేయాల్సిన పని గుడ్ల వయసును బట్టి మారుతుంది. మొదటి వారం గుడ్లైతే తలుపులు మూసే ఉంచి వేడి నిలపాలి. రెండో వారం దాటాక ఎదిగిన పిండాలు తామే వేడి పుట్టిస్తాయి. ఫ్యాన్లు ఆగిపోతే అవి తమ వేడికే ఉడికిపోతాయి కాబట్టి తలుపులు కొద్దిగా తెరవాలి. తాబేలు, మొసలి గూళ్ళలోనూ చివరి మూడోవంతు కాలంలో గుడ్ల వేడి చుట్టూ ఉన్న ఇసుకను మించుతుంది. అందువల్ల పెట్టెకు వేసే అలారం కింది హద్దుకే కాక పై హద్దుకూ పెట్టాలి.

భీమవరం వైపు రొయ్యల చెరువు గట్ల మీద జనరేటర్లు సిద్ధంగా ఉండటానికి కారణం అక్కడ వ్యవధి మరీ తక్కువ కావడం. రాత్రిపూట ఏరేటర్లు ఆగితే నీటిలో ప్రాణవాయువు పడిపోయి తెల్లారేసరికి పంట పోవచ్చు. వాళ్ళు వారానికోసారి జనరేటరును ఊరికే తిప్పి చూస్తారు, డీజిల్ నిల్వ చూస్తారు. సరీసృపాల గుడ్లకు అంత హడావుడి ఉండదు, చాలా గంటల వ్యవధి ఉంటుంది. కానీ ఆ క్రమశిక్షణ మాత్రం అరువు తెచ్చుకోదగినది. వ్యవసాయ మోటార్లకు పెట్టే మొబైల్ స్టార్టర్లు కరెంటు వచ్చిందీ పోయిందీ ఫోనుకు చెబుతాయి. అటువంటి సిమ్ అలారం పొదుగుపెట్టెకు పెడితే అర్ధరాత్రి పోయిన కరెంటు తెల్లారేదాకా తెలియకపోవడం ఉండదు. జనరేటరు వాడితే అది గది బయటే ఉండాలి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ మనుషులనే చంపుతుంది.

కంగారులో జరిగే నష్టం ఇంకొకటి ఉంది. కోడిగుడ్లను తిప్పినట్టు సరీసృపాల గుడ్లను తిప్పకూడదు. పెట్టిన తర్వాత ఒక రోజు లోపే పిండం పెంకు పైభాగానికి అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డు తలకిందులైతే పిండం చచ్చిపోవచ్చు. పెట్టెలో పెట్టేటప్పుడే పైవైపున పెన్సిలుతో గుర్తు పెట్టడం అందుకే. కరెంటు పోయిందని గుడ్లను చేత్తో తీసి మరో గదికి మార్చడం కంటే, పెట్టెను మొత్తంగా కదలకుండా ఉంచి చుట్టూ దుప్పటి కప్పడమో మంచు సీసా పెట్టడమో మేలు. మూత మాటిమాటికీ తెరిచి చూడటం కూడా నిల్వ ఉన్న వేడినీ తేమనూ వదిలేస్తుంది.

ఇదంతా ఎవరికి అవసరం? జంతు ప్రదర్శనశాలలకు, పరిశోధన కేంద్రాలకు, అటవీ శాఖకు, అనుమతి ఉన్న పెంపకందారులకు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నక్షత్ర తాబేలు, ఉడుము, కొండచిలువ, మొసలి వంటి స్వదేశీ సరీసృపాలను ఇంట్లో పెంచడం, వాటి గుడ్లు దగ్గర పెట్టుకోవడం నేరం. పొలంలోనో పునాది తవ్వకంలోనో పాము గుడ్లు, ఉడుము గుడ్లు కనిపిస్తే కదిలించకుండా అటవీ శాఖకు కబురు చేయాలి. అంతర్జాతీయ సైట్స్ ఒప్పందం జాబితాల్లో ఉన్న విదేశీ జాతులు పెంచేవారు 2022లో వచ్చిన సవరణ, 2024 నిబంధనల ప్రకారం వాటిని పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. పుట్టిన పిల్లల లెక్క కూడా అందులో చూపాలి.

కరెంటు తిరిగి వచ్చిన నిమిషమే పెట్టెకు మరో పరీక్ష. తుపాను తర్వాత మొదటి గంటల్లో వోల్టేజీ ఒకసారి 170, మరోసారి 260 కొడుతుంది. ఆ కుదుపులో థర్మోస్టాట్‌లోని రిలే అంటుకుపోతే హీటరు ఆగకుండా వెలుగుతూనే ఉంటుంది. కరెంటు కోతలో చల్లబడి బతికిన గుడ్లు కరెంటు వచ్చాక కాగి చచ్చిపోయేది ఇలాగే. దీనికి రక్షణగా మొదటి థర్మోస్టాట్ కంటే ఒక డిగ్రీ పైన ఆపేలా రెండో థర్మోస్టాట్‌ను హీటరు తీగలో వరసగా కలుపుతారు. ఒకటి అంటుకుపోయినా రెండోది తెంచేస్తుంది. కొన్ని డిజిటల్ కంట్రోలర్లు కరెంటు పోయి వస్తే పాత అమరిక మరిచి ఫ్యాక్టరీ అంకెకు వెళ్ళిపోతాయి. గుడ్లు పెట్టకముందే ప్లగ్గు తీసి, పది నిమిషాలాగి, మళ్ళీ పెట్టి అంకె నిలిచిందో లేదో చూడాలి. ఖాళీ పెట్టెను వేసవి మధ్యాహ్నం ఒకసారి, చలికాలపు తెల్లవారుజామున ఒకసారి మెయిన్ ఆపి వదిలేసి, లోపలి వేడి ఎన్ని గంటల్లో ఎంత మారిందో కాగితం మీద గంటగంటకూ రాసుకుంటే, ఆ పెట్టెకు ఎంత బ్యాటరీ కావాలో, ఎన్ని మంచు సీసాలు కావాలో ఆ కాగితమే చెబుతుంది.